కొండెక్కేటప్పటి కూత

ఇదిగో, మళ్ళీ మొదలైంది, ఆయన కాలు నొక్కగానే బానెట్ కింద ఎక్కడో సన్నగా, కీ... అని, బండి వేగం పెరిగేకొద్దీ అదీ పైపైకి ఎక్కుతుంది, కాలు తీస్తే దిగిపోతుంది, మజలాయాలో ఇంటి నుంచి కదిలిన దగ్గర్నుంచీ ఇదే వరస, నా పళ్ళు పులిసిపోతున్నాయి, ఆయన మెడ మాత్రం కాస్తయినా కదలదు. అద్దంలో ఆ రెండు కనుబొమలూ ఎంత ప్రశాంతంగా ఉన్నాయో. ముందు సీట్లో ఓపక్ అప్పడాల డబ్బా దర్జాగా కూర్చుంది, వెనక నేను కూర్చున్నాను, దాన్ని అక్కడ కూర్చోబెట్టింది నేనే, వెనకైతే కుదుపులకి పగిలిపోతాయని వంక చెప్పి, నిజానికి ఆయన పక్కన కూర్చోబుద్ధి కాలేదు. ఇబున్ సంత దాటాక ఒకసారి అన్నాను, "కాంగ్, బండి కూస్తోందండీ" అని, ఆయన్ని నేను పిలిచే పిలుపు అదే. ఆయన గేరు మార్చాడు. కాసేపాగి ఇంకోసారి అన్నాను. ఆయన చెయ్యి బయటపెట్టి ఎవరో తెలిసినవాడికి ఊపాడు. సరే, వాడికున్న విలువ నాకు లేదన్నమాట, అనుకుని కిటికీ వైపు తిరిగాను.

కాళ్ళ దగ్గర సంచి ఉంది. పొద్దున ఆయనే మోసుకొచ్చి పెట్టాడు, ఎత్తుతూ "ఇందులో రాళ్ళు పెట్టావా ఏంటి కోకోమ్?" అని నవ్వాడు కూడా, నేను తల వంచుకుని "అవునండీ, రాయే" అన్నాను, ఆ మాట పూర్తయ్యేలోపు తాళాల కోసం లోపలికి వెళ్ళిపోయాడు. నిజంగానే రాయి. మా అమ్మ పెళ్ళినాడు ఇచ్చిన సంబల్ పచ్చడి నూరే రోలు, పొత్రంతో సహా, పాత అద్దకం గుడ్డలో చుట్టి అడుగున పెట్టాను, దాని మీద నమాజు బట్టలు రెండు జతలూ, దాని మీద కుట్టుపని కత్తెర. గారుత్‌లో మా ఎనుంగ్ అక్క మనవడి సున్నతి విందు రేపు. విందుకి వెళ్ళే ఆడది మంచి రవిక పెట్టుకుంటుంది గానీ రోలు పెట్టుకోదు. విందయ్యాక ఆయన బండెక్కుతాడు, నేను ఎక్కను, అంతే, ఇంక మజలాయా రాను. అక్కకి కూడా చెప్పలేదు, రోలు చూస్తే తనకే తెలుస్తుంది. ఏం చేశాడే అని అడిగితే ఏం చెప్పాలి, కొట్టలేదు, తాగలేదు, ఇంకొకదాన్ని తెచ్చుకోలేదు, నా మాట వినడం మానేశాడు అని చెప్పాలి, విన్నవాళ్ళు నవ్వుతారు, ఏ మొగుడు వింటాడే పిచ్చిదానా అని. నవ్వనీ. గోడతో కాపురం చేసినవాళ్ళకి తెలుస్తుంది, గోడకి కోపం కూడా రాదు, అదే భరించలేనిది.

గట్టిగా అడగొచ్చు కదా అంటారు. ఎలా అడగను, మా అమ్మ నన్ను అలా పెంచలేదు, చియామిస్ వైపు మనిషి ఆవిడ, మాట లెమెస్‌గా ఉండాలి అనేది, మెత్తగా, మీరు అని, అండీ అని, చూపు నేల మీద పెట్టి, నోటి ముందు వేళ్ళు అడ్డం పెట్టుకుని, సన్నగా. గొంతు పెంచేది సంతలో చేపలమ్మేవాళ్ళు, నువ్వు కాదు, అనేది. కోపం వస్తే ఇంకా మెత్తగా. బాగా కోపం వస్తే ఇంకా ఇంకా మెత్తగా. మా ఇంట్లో అమ్మ గొంతు తగ్గిందంటే నాన్న చేతిలో అన్నం ముద్ద ఆగిపోయేది, పిల్లలం గుమ్మం దాటి పారిపోయేవాళ్ళం, అంత భయం ఆ మెత్తదనానికి. నేనూ అదే నేర్చుకున్నాను. ఈ రెండేళ్ళలో నా గొంతు తగ్గి తగ్గి దోమ మూలుగంత అయింది, ఇంకా తగ్గించడానికి ఏమీ మిగల్లేదు, ఆయన మాత్రం హాయిగా అన్నం కలుపుకుని తింటూనే ఉన్నాడు.

మళ్ళీ కూత, ఈసారి మలుపులో, ఇంకా పదునుగా. మొన్న పక్కింటి బిబి అత్తయ్య చెప్పింది, బెల్టుకి బట్టల సబ్బు రుద్దు, నోరు మూసుకుంటుంది, మా ఆయన బండికి అలాగే చేసేవాడు అని, ఈయన నమాజుకి వెళ్ళినప్పుడు నేనే బానెట్ ఎత్తి పచ్చసబ్బు బిళ్ళ బాగా రుద్దాను. ఒక పూట నోరు మూసుకుంది. తర్వాత ముందుకంటే ఎక్కువ మొదలుపెట్టింది. బండికి కూడా నా బతుకే, పైపైన ఎంత నునుపు రాస్తే లోపల అంత అరుపు. ఈయన నేత మిల్లులో ఉన్నప్పుడు ఇలా కాదు, మిల్లు మూసేశాకే ఇలా అయ్యాడు. మగ్గాల మధ్య పెరిగినవాడు, మీసం రాకముందు చేరి మిల్లు తాళం పడేదాకా అక్కడే, ఆ హోరులో వాళ్ళు నోటితో మాట్లాడుకోరు, పెదాలూ చేతులూ చూసి మాట్లాడుకుంటారు, కొత్త పెళ్ళికూతురిగా అన్నం గిన్నె తీసుకెళ్ళినప్పుడు ఆ షెడ్డు ఆ చివర్నుంచి ఈ చివరికి చేతులూపి నా గురించి ఏదో అన్నాడు, మగ్గాల వాళ్ళంతా పళ్ళికిలించారు, ఏమన్నారండీ అంటే చెప్పడు, ఆ రాత్రి చెప్పాడు, ఇప్పుడు తలచుకున్నా చెవులు వేడెక్కుతాయి. అప్పుడెంత మాటకారి. ఇప్పుడు అద్దె బండి నడుపుకుంటూ, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటాడు. వెనకనుంచి నేను మాట్లాడుతూ ఉంటాను, ఆ వీపుకి.

కేటిల్ సంగతి ఒకటి. కూత కేటిల్, టీ నీళ్ళకి, పొయ్యి మీద పెట్టి నేను వెనక బట్టలారేస్తున్నాను, అది కూసి కూసి అడుగు మాడి నల్లబడిపోయింది, పరుగెత్తుకొస్తే ఈయన పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని చెప్పు కుట్టుకుంటున్నాడు. పక్కనే. నన్ను చూసి, "ఏదో మాడినట్టుంది" అన్నాడు. ఆ పూట నేను ఏడ్చాను. ఇంక చిబ్లెక్ సంగతి. అరచేతిలో పట్టేంత పిట్ట, గొంతు మాత్రం సూది, పెంచుకున్నది ఆయనే, తెల్లారగానే పంజరం చూరుకి తగిలించి ఈల వేసి పిలిచేవాడు, అది బదులిచ్చేది, పిల్లలు లేని ఇంట్లో అదే సందడి. ఒకరోజు పంజరం తీసుకెళ్ళి పక్కవీధి వాడికి ఇచ్చేశాడు, ఎందుకండీ అంటే, "మూగదైపోయింది, ఇంక పాడదు" అన్నాడు. మూగదా? పొద్దుటే కదా పాడింది? ఆ పక్కవీధి ఇంట్లో ఇప్పటికీ పాడుతోంది, కూరలకి వెళ్ళినప్పుడల్లా వింటాను, దాన్ని వింటూ నిలబడతాను. పిట్టని వదిలించుకోవడానికి అబద్ధమాడినవాడు రేపు నన్నూ మూగదంటాడు, అప్పుడే అనుకున్నాను, రోలు సర్దాల్సిన రోజు వస్తుందని.

మోంతెంగ్ కొండ ఎక్కుడు మొదలయ్యే చోట, పొగమంచు దిగుతున్న దగ్గర, రోడ్డు పక్క రేకుల షెడ్డు ముందు ఒక పెద్దాయన రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు. ఆయన పక్కన చెక్క దిమ్మలు పట్టుకున్న కుర్రాళ్ళు, ఎక్కలేక వెనక్కి జారే బళ్ళ చక్రాల కింద అడ్డం పెట్టేవాళ్ళు, నిలబడి మా వైపే చూస్తున్నారు. ఈయన బండి ఆపాడు. "టైరు పోయిందా?" అన్నాడు తల బయటపెట్టి. పెద్దాయన పేరు ఊనెద్ అట, కుర్రాళ్ళు మాంగ్ అంటున్నారు, బాబాయ్ అని, చొక్కా నిండా గ్రీజు, నోట్లో లవంగాల సిగరెట్టు. "టైరు కాదు తమ్ముడూ, నీ బండి కింది మలుపు నుంచే పెళ్ళికూతుర్ని పంపిస్తున్నట్టు ఏడుస్తూ వస్తోంది, ఈ ఏడుపుతో మోంతెంగ్ ఎక్కుతావా? సగంలో బెల్టు తెగితే నీళ్ళు తిరగవు, ఇంజను ఉడికి కూర్చుంటుంది, వెనక్కి జారితే ఈ దిమ్మలు కూడా ఆపలేవు" అన్నాడు. ఈయన ఆయన ముఖంలోకి చూస్తూ మొత్తం విన్నాడు, విని, "ఏ ఏడుపు?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, ముఖం మీద కొట్టినట్టు చెప్పినా ఏ ఏడుపు అంటాడే, నా మాట వినకపోతే పోనీ, ఆ పెద్దమనిషి మాట కూడా వినడా, ఎంత మొండి, ఎంత మొండి.

నేనూ దిగాను. చలి. బానెట్ ఎత్తగానే మాంగ్ ఊనెద్ వంగి, ముక్కు ఎగబీల్చి, వేలితో బెల్టుని తడిమి, ఆ వేలు వాసన చూసి, "ఎవరు దీనికి తలంటు పోసింది?" అన్నాడు. నా ముఖం ఎర్రబడింది. "బట్టల సబ్బు! మన సుండా వాళ్ళ పెద్ద వైద్యం, మొగుడు మూలిగినా సబ్బే, బెల్టు మూలిగినా సబ్బే, లోపల ఏం పాడైందో చూడం, పైన నునుపు చేస్తాం" అన్నాడు, చెక్క దిమ్మల కుర్రాళ్ళు నవ్వారు, ఈయన కూడా, అర్థమయ్యీ కాకుండా, వాళ్ళు నవ్వారు కదా అని నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. విందుల్లో, అరుగు మీద, నలుగురు నవ్వాక ఒక్క క్షణం ఆగి నవ్వుతాడు. మర్యాద కోసం అనుకునేదాన్ని.

"బండిలో కూర్చో తమ్ముడూ, గేరు వేయకుండా నెమ్మదిగా కాలు నొక్కు, నిలబెట్టి కూడా కూస్తోందంటే చక్రాల్లో కాదు, ఇంజను దగ్గరే. ఏ వేగం దగ్గర మొదలవుతుందో నాకు కావాలి, నేను కిందకి వంగి ఉంటాను, కూత రాగానే నువ్వు చెయ్యెత్తు" అన్నాడు మాంగ్ ఊనెద్, పొడవాటి స్క్రూడ్రైవరు కొస ఇంజనుకి ఆనించి, పిడి చెవికి ఆనించుకుంటూ. నేను బండి ముందు నిలబడ్డాను, పైకెత్తిన బానెట్ పక్క సందులోంచి మా ఆయన ముఖం కనబడుతోంది. ఇంజను గుర్రుమంది, పెరిగింది, ఇదిగో వచ్చింది, కీ... అని, రోడ్డు మీద కోడిపిల్లలు చెదిరిపోయాయి, దిమ్మల కుర్రాడొకడు చెవి మూసుకున్నాడు. చెయ్యి లేవలేదు. ఇంకా నొక్కాడు, కూత ఆకాశానికెక్కింది, చెయ్యి లేవలేదు. నేను ఆయన ముఖం చూశాను. చూశాను. నోరు కొద్దిగా తెరుచుకుని, నుదురు ముడివేసి, ఒక చెవి ముందుకి తిప్పి, పరీక్షలో ఎక్కాలు అడిగితే గుర్తురాని పిల్లాడిలా వింటున్నాడు. వినడానికి ప్రయత్నిస్తున్నాడు. వినడం ఇష్టం లేనివాడి ముఖం అలా ఉండదు, మొండివాడి ముఖం అలా ఉండదు, అంత కష్టపడి వింటున్న ముఖాన్ని నా జన్మలో చూడలేదు. అప్పుడు ఆయన కళ్ళు నా మీదకి వచ్చాయి, నా ముఖం మీద, నేను ఆ చప్పుడుకి ముఖం చిట్లించుకుని ఉన్నాను, అది చూసి, అది మాత్రమే చూసి, ఆయన చెయ్యెత్తాడు.

దేవుడా. పిట్ట మూగదైపోలేదు. ఆయనకి నిజంగానే మూగదైపోయింది, పంజరం ముందు నిలబడి ఈల వేసి, ముక్కు తెరుచుకోవడం చూసి, ఏమీ వినబడక, ఎన్ని పొద్దులు అలా నిలబడ్డాడో, ఎవరితో చెప్పుకున్నాడో, ఎవరితోనూ చెప్పుకోలేదు, పిట్టదే తప్పనుకున్నాడు, అనుకోవడం తేలిక కదా. కేటిల్, పీట, చెప్పు, ఏదో మాడినట్టుంది అన్నాడు, ముక్కు చెప్పింది, చెవి చెప్పలేదు. లారీ హారన్ వింటాడు, మసీదు మైకు వింటాడు, ఊనెద్ లాంటి బొంగురు గొంతులు వింటాడు, ముఖం ఎదురుగా ఉంటే పెదాలు చదువుకుంటాడు, అందుకే నాకెప్పుడూ అనుమానం రాలేదు, నాతో ఒక్కదానితోనే చెవిటి అనుకున్నాను, నిజమే, నాతోనే, ఎందుకంటే నేను సన్నగా మాట్లాడతాను, తల వంచుకుంటాను, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాను, ఆయనకి మిగిలిన ఒక్క దారీ నా మర్యాదతో నేనే మూసేశాను. కోపం వచ్చినకొద్దీ ఇంకా మెత్తగా. అమ్మా, నువ్వు నేర్పిన విద్య ఎంత గొప్పదో చూడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొగమంచు అనుకున్నారు అందరూ.

మాంగ్ ఊనెద్ పని ఆగలేదు. మగ్గుతో బెల్టు మీద నీళ్ళు పోశాడు, సబ్బు నురగ వచ్చింది, కుర్రాళ్ళు మళ్ళీ నవ్వారు, కూత ఒక్క క్షణం తగ్గి తిరిగొచ్చింది. "బెల్టు ఒక్కదాని తప్పయితే నీళ్ళకి ఊరుకునేది" అని బెల్టు విప్పేసి, ఒక్క నిమిషం ఇంజను తిప్పించాడు, కూత లేదు. "అంటే బెల్టు తిప్పేవాటిలో ఒకటి ఏడుస్తోంది" అని ఒక్కొక్క చక్రాన్నీ వేలితో తిప్పుతూ పోయాడు, నీళ్ళ పంపుది, డైనమోది, చివరికి బెల్టుని బిగించి పట్టే చిన్న చక్రం, అది తిప్పగానే ఇసుక నమిలినట్టు గరగరలాడింది. "ఇదిగో దొంగ. బేరింగులో గ్రీజు ఎండిపోయింది. పాపం, ఎండి ఎన్నాళ్ళయిందో. ఇది ఎప్పటినుంచో చెప్తూనే ఉంది, వినేవాడు లేడు" అన్నాడు. నాకు ఆ మాట ఎక్కడో తగిలింది, ఆయన బండి గురించే అన్నాడు. షెడ్డులోంచి కొత్త బేరింగు తెచ్చి, పాతది సుత్తితో కొట్టి ఊడదీస్తూ, తల ఎత్తకుండా, నాకు మాత్రమే వినబడేలా అడిగాడు, "మీ ఆయన మగ్గాల్లో పనిచేశాడా అమ్మాయ్?"

"అవునండీ" అన్నాను.

"మా తమ్ముడూ అంతే. ముందు సన్న గొంతులు పోతాయి. పిట్టలు, కీచురాళ్ళు, ఆడవాళ్ళు. ఆ మగ్గాల వాళ్ళకి తెలీదు, ఊరే నెమ్మదించిందనుకుంటారు. డాక్టరుకి చూపించు, మిషనేదో పెడతారు, కొంత వస్తుంది. అందాకా బొంగురుగా మాట్లాడు, ముఖం చూపించి మాట్లాడు. సబ్బు రాయకు."

సబ్బు రాయకు. ఈయన అటు పక్క నిలబడి, మా పెదాలు కనబడక, ఏం మాట్లాడుకుంటున్నారో అని ఒకసారి నన్నూ ఒకసారి ఆయన్నీ చూస్తున్నాడు, ఆ చూపులో భయం ఉంది, ఇన్నాళ్ళూ అది నిర్లక్ష్యం అనుకున్నాను. మెడ వెనక వెంట్రుకలు నెరిశాయి, ఎప్పుడు నెరిశాయి, ఆ వీపుని రోజూ చూస్తూ ఇది చూడలేదా నేను. కొత్త బేరింగుతో పాటు కొత్త బెల్టూ బిగించారు, కాలు నొక్కించారు, ఇంజను గుర్రుమంది, పెరిగింది, పైకి పోయింది, అంతే, గుర్రు మాత్రమే, కూత లేదు, కోడిపిల్లలు తిరిగొచ్చాయి. "పోయిందా?" అన్నాడు ఈయన, ఇంజనుని కాదు, నా ముఖాన్ని చూస్తూ.

నేను వెళ్ళి ముందు తలుపు తీశాను. అప్పడాల డబ్బాని ఎత్తి వెనక సీట్లో పడేశాను, లోపల పటపటమన్నాయి, పోనీ. ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన గడ్డం పట్టుకుని నా వైపు తిప్పాను, దిమ్మల కుర్రాళ్ళు చూస్తున్నా సరే. నోటికి అడ్డం పెట్టుకోబోయిన చేతిని ఒళ్ళో పెట్టి ఇంకో చేత్తో నొక్కి పట్టాను. గొంతు ఎక్కడినుంచి తీయాలో తెలీలేదు, కడుపులోంచి తీశాను, పొలంలో గేదెని అదిలించే గొంతు, సంతలో చేపలమ్మే గొంతు, మా అమ్మ వింటే స్పృహ తప్పేది.

"రోలు!" అన్నాను. "సంచిలో ఉన్నది రోలు!"

ఆయన ఉలిక్కిపడ్డాడు. విన్నాడు. "రోలా? రోలెందుకు, మీ అక్క ఇంట్లో లేదా?"

"ఉంది. నేను తిరిగి రాకూడదని తెచ్చుకున్నా. నువ్వు నాతో మాట్లాడటం మానేశావని." నువ్వు అన్నాను. మొగుణ్ణి నువ్వు అన్నాను, ఆకాశం విరిగి పడలేదు.

ఆయన ముఖంలో రంగు పోయింది. చాలాసేపు నా పెదాలు చూస్తూనే ఉన్నాడు, ఇంకేమైనా వస్తుందేమోనని. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "మానేసింది నువ్వు కదా కోకోమ్. ఎప్పుడు చూసినా తల వంచుకుని పెదాలు కదుపుతుంటావు. దేవుడితో మాట్లాడుకుంటున్నావనుకున్నా. మధ్యలో అడ్డొస్తే పాపమని ఊరుకున్నా."

రెండేళ్ళు. కూరలో ఉప్పెక్కువైందని నేను అంటే, పైకప్పు కారుతోందని అంటే, నన్నొకసారి చూడండీ అని అంటే, అన్నీ దేవుడికి చెప్పుకుంటున్నాననుకుని, అడ్డురాకూడదని, పక్కకి తప్పుకుని కూర్చున్నాడు ఈ మనిషి. నవ్వాలో ఏడవాలో తెలీలేదు, రెండూ చేశాను, పెద్దగా, ఆయనకి వినబడేలా. మాంగ్ ఊనెద్ బానెట్ మూసి దాని మీద అరచేత్తో చరిచి, "పోండి, ఇంక ఏడవదు" అన్నాడు.

బండి కదిలింది. మోంతెంగ్ ఎక్కుడు ఎదురుగా గోడలా నిలబడి ఉంది, ఆయన కాలు నొక్కాడు, ఇంజను గుర్రుమంటూ పైకి పాకింది, మెత్తగా, ఏ కూతా లేకుండా. నేను మాత్రం ఆయన వైపు పూర్తిగా తిరిగి కూర్చుని, ఉప్పు సంగతీ, పైకప్పు సంగతీ, పిట్ట పక్కవీధిలో ఇంకా పాడుతూనే ఉందన్న సంగతీ, ఎల్లుండి రోలు మళ్ళీ నువ్వే మోయాలన్న సంగతీ, వరసగా, బొంగురు గొంతుతో, కొండ పొడుగునా అరుస్తూనే ఉన్నాను.